పన్ను, రాజ్యాంగము, న్యాయమూర్తి

పన్ను లేని రాజ్యము లేదు. బాటలు వేయుటకును, చెఱువుగట్లు బాగుచేయుటకును, బడులు నడుపుటకును, ఆసుపత్రులలో మందు లిచ్చుటకును ధనము కావలయును. ఆ ధనము ప్రజలయొద్దనుండియే రావలయును. కావున పన్ను చెల్లించుట పౌరధర్మమని మన మందఱ మెఱుగుదుము. అయినను చెల్లించువాడు, “నాపై నింత యేల? పొరుగువానిపై నంత యేల?” యని యడుగవచ్చునా? అడిగినచో బదులు చెప్పవలసినవా రెవ్వరు? ఆ బదులు సరియైనదో కాదో తేల్చు నధికార మెవ్వరిది? ఆ తేల్చువారిని నియమించువా రెవ్వరు? ఈ ప్రశ్నలు గొలుసులోని లంకెలవలె నొకదాని నొకటి పట్టుకొని వచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎన్నికలు వచ్చినపుడెల్ల నీ ప్రశ్నలే సభలలో మ్రోగుచుండును. ధనవంతులు తమ వంతు పన్ను చెల్లించుచున్నారా? రాజ్యాంగములోని మాటలను పూర్వు లెట్లు గ్రహించిరో యట్లే గ్రహింపవలెనా, లేక కాలమునుబట్టి గ్రహింపవలెనా? సుప్రీముకోర్టులో ఖాళీయైన పీఠముపై నెవ్వరిని కూర్చుండబెట్టవలెను? ఈ మూడు వాదములును అచ్చట తఱచుగ కలిసియే సాగుచుండును. వార్తలలో వీనిని చదివినపుడు, ఇది సముద్రముల కావలి గొడవ, విస్సన్నపేట పిల్లలకు దీనితో నేమి పని యని కొందఱు తలపవచ్చును. పని కలదు. మన యాంధ్రదేశపు రైతుల భూమిశిస్తునుగూర్చిన వ్యాజ్య మొకటి 1967వ సంవత్సరమున సుప్రీముకోర్టులో తీరినది. పన్నులోని న్యాయమేమి, రాజ్యాంగము నెట్లు చదువవలెను, న్యాయమూర్తి యెట్టివాడు కావలెను అను మూడు ప్రశ్నలును ఆ వ్యాజ్యమునందును, దాని చుట్టును కలవు. ఆ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించినవారు. ముందుగ నా కథను చెప్పి, పిమ్మట అమెరికావారి పద్ధతితో పోల్చి చూపుదుము.

తరము, శిస్తు

మన విస్సన్నపేట, తిరువూరు ప్రాంతములు చాలవఱకు మెట్టసీమ. ఇచ్చట మామిడితోటలును, వానకు నిండు చెఱువులును రైతునకు ముఖ్యాధారములు. దక్షిణముగ కృష్ణ డెల్టాలోనికి పోయితిమేని, 1855వ సంవత్సరమున పూర్తియైన బెజవాడ యానకట్ట మూలమున కాలువ నీరందిన మాగాణములు కనబడును. ఎకరము కొలతలో నెక్కడనైనను ఎకరమే; పంటలో మాత్రము కాదు. రాతిపొరపై జానెడు మన్నున్న యెకరమును, ఒండ్రు పేరిన యెకరమును ఒక్కటే యని చెప్పినచో మన యూరిలో నాగలి పట్టిన ప్రతివాడును నవ్వును.

ఈ భేదమును మద్రాసు రాజధానిలోని రైతువారీ పద్ధతి కొంతవఱకు గుర్తించినది. సెటిల్మెంటు అధికారులు నేలను రేగడి, ఎఱ్ఱనేల, ఇసుకనేల యను మొదలైన రకములుగ విభజించి, ఒక్కొక్క రకములో మరల మంచిచెడ్డలనుబట్టి తరము లేర్పఱచిరి. ఆ తరమునకు ఎకరమున నెంత ధాన్యము పండునో యంచనా కట్టి, దానికి ధర కట్టి, అందుండి సేద్యపు ఖర్చులను తీసివేసి, అకాలమునకు కొంత తగ్గించి, మిగిలిన నికరములో సగమునకు మించకుండ సర్కారు శిస్తును నిర్ణయించిరి. ముప్పదియేండ్ల కొకమాఱు దీనిని తిరుగదోడుట యాచారమయ్యెను.

ఈ పద్ధతి దోషరహితమని మేము చెప్పుట లేదు. అంచనాలు ఎక్కువయనియు, ధరలు పడిపోయినను శిస్తు తగ్గలేదనియు కృష్ణా గోదావరీ మండలముల రైతులు 1930 ప్రాంతమున గొప్ప యాందోళనము సలిపిరి. అయినను ఆ పద్ధతిలో నొక మూలసూత్ర ముండెను. శిస్తునకు నేలయొక్క శక్తియే యాధారము కావలెను. ఆధార మేమో వ్రాతలో నుండవలెను. “నా పొలము నీ తరములో నేల వేసితిరి?” అని రైతు అడుగుటకు చోటుండెను.

1962వ సంవత్సరపు చట్టము

1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ మేర్పడినది. ఆంధ్ర ప్రాంతమునందును, తెలంగాణమునందును శిస్తు పద్ధతులు వేర్వేఱుగ నుండెను. క్రొత్త రాష్ట్రమునకు ప్రాజెక్టులు, బడులు, బాటలు కావలసియుండెను; ధనము చాలకుండెను. 1962వ సంవత్సరమున శాసనసభవారు భూమిశిస్తుపై నదనపు శిస్తును విధించుచు నొక చట్టము చేసిరి.

మెట్టభూములకు దానిలోని యేర్పా టిది: ఉన్న శిస్తుపై నూటికి 75 వంతులు అదనముగ చెల్లింపవలెను, అయితే మొత్తము ఎకరమునకు 50 నయాపైసలకు తగ్గరాదు. పైకి జూడ నిది చిన్న సంగతివలె దోచును. లెక్క వేసి చూతము. మంచి మెట్ట యొకటి యెకరమునకు ఒక రూపాయి శిస్తు చెల్లించుచున్న దనుకొందము. అదనపు 75 పైసలు చేరి అది 1 రూపాయి 75 పైసలగును. రాతిమెట్ట యొకటి 20 పైసలు చెల్లించుచున్నది. నూటికి 75 వంతులు చేర్చినచో 35 పైసలే కావలసియుండెను. కాని కనీసపు మొత్తము 50 గనుక 50 చెల్లింపవలెను. అనగా మంచి నేలకు శిస్తు ఒకటిముప్పాతిక రెట్లు కాగా, చెడ్డ నేలకు రెండున్నర రెట్లాయెను. పైసలు చూచినచో రాతిమెట్టవాడు తక్కువయే యిచ్చుచున్నాడు. భారము చూచినచో వానిమీదనే యెక్కువ పెరిగినది. పన్నునుగూర్చి వాదించు విద్యార్థులు మొట్టమొదట నేర్వవలసిన పాఠ మిదియే. “ఎంత” యను ప్రశ్న వేఱు, “ఎన్ని రెట్లు” అను ప్రశ్న వేఱు, “మిగులుదలలో నెన్నవవంతు” అను ప్రశ్న వేఱు. మూటికి మూడు బదులులు వచ్చును. వాదించువాడు తనకు ననుకూలమైన దానినే చూపును. వినువాడు మిగిలిన రెంటిని అడుగవలెను.

మాగాణములకు సర్కారు నీటివనరులనుబట్టి తరగతు లేర్పఱచిరి. ఒక చెఱువు లేక కాలువ క్రింద నెన్ని యెకరముల ఆయకట్టు కలదో చూచి, పెద్ద ఆయకట్టునకు హెచ్చు రేటును, చిన్న ఆయకట్టునకు తక్కువ రేటును నిర్ణయించిరి. పెద్ద వనరున నీరు ఎక్కువకాలము నిలుచునను తలంపు దీనికి మూలమై యుండవచ్చును. కాని నీరు వేఱు, నేల వేఱు. పెద్ద కాలువ చివర చవుడు పట్టిన చేలుండవచ్చును. చిన్నచెఱువు క్రింద బంగారమువంటి నేల యుండవచ్చును. తరమును విడిచి ఆయకట్టును పట్టుకొన్నందున, చవుటిచేని రైతు హెచ్చు రేటును, బంగారునేల రైతు తక్కువ రేటును చెల్లించు నవకాశ మేర్పడెను.

ఇంకొక లోపము కలదు. ఏ భూమి యే తరగతికి చెందునో నిర్ణయించుటకు ముందు రైతునకు నోటీసు ఇయ్యవలెననిగాని, అతని మాట వినవలెననిగాని, నిర్ణయముపై నప్పీలు చేసికొనవచ్చుననిగాని చట్టము సరియైన విధాన మేదియు చెప్పలేదు. లెక్క కట్టువాడును, తగవు తీర్చువాడును ఒక్కడే యైనట్లాయెను.

వ్యాజ్యము, తీర్పు

రైతులు హైకోర్టునకు పోయిరి. చట్టము చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పెను. ప్రభుత్వమువారు సుప్రీముకోర్టునకు అప్పీలు చేసిరి. న్యాయశాస్త్ర గ్రంథములలో నిది నల్లా రాజారెడ్డి కేసని ప్రసిద్ధి చెందినది.

ఇచ్చట రాజ్యాంగములోని రెండు అధికరణములను తెలిసికొనవలెను. 265వ అధికరణము ప్రకారము చట్టముయొక్క ఆధారము లేక యే పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. 14వ అధికరణము ప్రకారము చట్టము నెదుట నందఱును సమానులు. చట్టముల రక్షణ యందఱకును సమానము. ఈ 14వ అధికరణములోని మొదటి భాగము ఆంగ్లేయుల న్యాయసంప్రదాయమునుండియు, రెండవ భాగము 1868వ సంవత్సరమున అమెరికా రాజ్యాంగమునకు చేర్చిన పదునాల్గవ సవరణనుండియు వచ్చినవి. విస్సన్నపేట రైతునకును అమెరికా రాజ్యాంగమునకును గల బంధుత్వ మిట్టిది.

సమానత్వ మనగా నందఱను నొక్కగాట కట్టుట కాదు. ప్రభుత్వము మనుష్యులను, వస్తువులను, భూములను తరగతులుగ విభజింపవచ్చును. విభజింపక పన్ను వేయుట యసాధ్యము. అయితే విభజనకు రెండు పరీక్షలు కలవు. ఒకటి, ఈ తరగతికిని ఆ తరగతికిని గల భేదము స్పష్టముగ తెలియవలెను. రెండు, ఆ భేదమునకును చట్టముయొక్క ఉద్దేశమునకును న్యాయమైన సంబంధ ముండవలెను.

ఇంతకు పూర్వమే, 1960వ సంవత్సరాంతమున, కేరళదేశపు కేసొకదానిలో సుప్రీముకోర్టు ఈ పరీక్షను పన్నునకు ప్రయోగించినది. తిరువాన్కూరు కొచ్చిన్ భూమిపన్ను చట్టము ప్రకారము ప్రతి యెకరమునకును 2 రూపాయలు చెల్లింపవలెను. అది వరిచేనో, ఫలసాయము లేని యడవియో విచారింప నక్కఱలేదు. అడవుల యజమానులు తమకు వచ్చు నాదాయమునకు అనేక రెట్లు పన్ను కట్టవలసివచ్చెను. అసమానులను సమానులుగ చూచుటయు నసమానతయే యని న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. అయితే న్యాయమూర్తి ఏ. కె. సర్కారుగారు దీని కంగీకరింపలేదు. విస్తీర్ణమునుబట్టి పన్ను వేయుటయు నొక యాధారమే యనియు, దానిచే సమానత్వమునకు భంగము రాలేదనియు వారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. చదువరు లీ రెండవ మాటనుకూడ తేలికగ త్రోసివేయరాదు. ఎకరమున కింత యను పన్నును లెక్కించుట సులభము; ఉద్యోగికి పక్షపాతము చూపు నవకాశము తక్కువ. తరములు కట్టు పద్ధతి న్యాయమైనది. కాని తరము కట్టువాని చేతిలో నధికారము పెట్టును. సౌలభ్యమునకును న్యాయమునకును గల యీ పోరాటము పన్నుల చరిత్ర యంతటను కలదు.

మన రాష్ట్రపు కేసులో సుప్రీముకోర్టు 1967వ సంవత్సరమున రైతుల పక్షమున తీర్పు చెప్పెను. ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారే దానిని వ్రాసిరి. నేలయొక్క సారముతో సంబంధము లేని కనీసపు శిస్తును, ఆయకట్టు విస్తీర్ణముతో ముడిపెట్టిన రేట్లును శిస్తునకు తగిన యాధారములు కావనియు, రైతు మాట వినుటకు విధానము లేకుండుట రెండవ దోషమనియు వారు నిర్ణయించిరి. అధికారి స్వేచ్ఛాచారము చట్టములో వ్రాసిన పక్షపాతముకంటెను సమానత్వమునకు హెచ్చు హానికరమని వారి భావము. పక్షపాతము వ్రాతలో నున్నచో మన మెచ్చట నిలిచితిమో మనకు తెలియును. అధికారి యిష్టమున కెల్ల యెక్కడ?

ఒక సంగతి మఱువరాదు. శిస్తు పెంపరాదని న్యాయస్థానము చెప్పలేదు. ఎంత పన్ను వేయవలెనో నిర్ణయించుట శాసనసభ పని. సరియైన యాధారముతో, వినుటకు వీలిచ్చు విధానముతో మరల చట్టము చేయుట కడ్డు లేదు. న్యాయస్థాన మడిగినది కారణమును మాత్రమే.

రాజ్యాంగమును చదువు విధములు

14వ అధికరణములో తరమనుమాట లేదు, ఆయకట్టనుమాట లేదు. కొలది మాటలనుండి న్యాయమూర్తు లింత యర్థ మెట్లు తీసిరి? ఇచ్చటనే అమెరికావారి రెండవ వాదము మొదలగును. అచ్చట కొందఱు, రాజ్యాంగమును వ్రాసి యంగీకరించిన కాలమున ఆ మాటల కే యర్థ ముండెనో యదియే నేటికిని చెల్లవలెననియు, అర్థమును మార్పదలచినచో ప్రజలు సవరణ చేయవలెనే గాని న్యాయమూర్తులు మార్పరాదనియు చెప్పుదురు. 1986 మొదలు 2016 వఱకు సుప్రీముకోర్టున నున్న యాంటొనిన్ స్కాలియాగారు ఈ పక్షమున ప్రసిద్ధులు. మఱికొందఱు, రాజ్యాంగము చెట్టువంటిదనియు, వేరు కదలకపోయినను కొమ్మలు పెరుగుననియు, సమానత్వము స్వాతంత్ర్యము మొదలైన మాటల భావమును ప్రతి తరమువారును తమ యనుభవముతో గ్రహింపవలెననియు చెప్పుదురు.

ఈ వాదము పన్నుతో నెట్లు ముడిపడునో చూడుడు. 1894వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు 4,000 డాలర్లకు మించిన యాదాయములపై నూటికి 2 వంతుల పన్ను విధించెను. సంస్థానముల జనసంఖ్యనుబట్టి పంచనిదే ప్రత్యక్షపు పన్ను విధింపరాదని వారి రాజ్యాంగములో నుండెను. భూమిమీదను పెట్టుబడిమీదను వచ్చు నాదాయముపై పన్ను ప్రత్యక్షపు పన్నా, కాదా? 1895వ సంవత్సరమున సుప్రీముకోర్టు అయిదుగురకు నలుగురుగ చీలి, అది ప్రత్యక్షపు పన్నే యని నిర్ణయించి చట్టమును కొట్టివేసెను. ఒక్క న్యాయమూర్తి మాటతో దేశపు పన్నుభారము ఒక తట్టనుండి మఱియొక తట్టకు మాఱినది. ప్రజలు పదునెనిమిదేండ్లు పోరాడి 1913వ సంవత్సరమున పదునాఱవ సవరణను సాధించి, ఆదాయపు పన్నునకు దారి తీసిరి.

ఇంకొక యుదాహరణము 2012వ సంవత్సరపుది. ఆరోగ్యభీమా కొననివారిపై విధించిన సొమ్ము దండుగయా, పన్నా యను ప్రశ్న వచ్చెను. దానిని పన్నుగ గ్రహింపవచ్చు ననియు, కావున చెల్లుననియు అయిదుగురు, చెల్లదని నలుగురు నిర్ణయించిరి. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్సుగారిని నియమించినది రిపబ్లికను పక్షపు అధ్యక్షుడు. వారు చెల్లునన్న చట్టము డెమొక్రాటిక్ పక్షముది. నియమించిన చేతినే న్యాయమూర్తి యనుసరించునని తలచువా రీ కేసును జ్ఞప్తియం దుంచుకొనవలెను.

మనదేశమునను 1967వ సంవత్సరముననే యింతకంటె పెద్ద చీలిక యొకటి వచ్చినది. ఫిబ్రవరి 27వ తేదీని గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటు రాజ్యాంగమును సవరించియైనను ప్రాథమిక హక్కులను తగ్గింపజాలదని సుప్రీముకోర్టు ఆఱుగురకు అయిదుగురుగ నిర్ణయించెను. ప్రధాన తీర్పు సుబ్బారావుగారిదే. అప్పటి ప్రాథమిక హక్కులలో ఆస్తిహక్కుకూడ నుండెను గాన, ఈ తీర్పు పేదలకు భూమి పంచు సంస్కరణముల కడ్డగునని పలువురు తీవ్రముగ విమర్శించిరి. పూర్వపు సవరణలను కదల్పక, ఇకమీదటికే యీ నియమము వర్తించునని చెప్పుటకు సుబ్బారావుగారు అమెరికా న్యాయస్థానముల సిద్ధాంత మొకదానిని తెచ్చి వాడిరి. రాతిమెట్ట రైతును కాపాడిన న్యాయమూర్తియే పెద్ద భూస్వామిని కాపాడెనని యొకరు, ప్రభుత్వముయొక్క బలిమినుండి పౌరుని కాపాడుటయే రెంటిలోను గల సూత్రమని యొకరు అనిరి. 1973వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని పదుముగ్గురు న్యాయమూర్తులు కూర్చున్న కేశవానంద భారతి కేసులో ఏడుగురకు ఆఱుగురుగ మధ్యమార్గ మొకటి తేలెను. పార్లమెంటు ఏ భాగమునైనను సవరింపవచ్చును. కాని రాజ్యాంగముయొక్క మౌలిక స్వరూపమును పాడుచేయరాదు. నేటికిని అదియే నియమము.

న్యాయమూర్తి నెవరు నియమింపవలెను?

ఒకరిద్దఱి మాటతో దేశపు త్రోవ మాఱుచున్నపుడు, ఆ యొకరిద్ద ఱెవ్వరు, ఎట్లు వచ్చిరి యని ప్రజ లడుగుట సహజము.

అమెరికాలో అధ్యక్షుడు పేరు సూచించును, సెనేటు సమ్మతింపవలెను. సెనేటు సంఘమువారు ఆ వ్యక్తిని బహిరంగముగ ప్రశ్నింతురు, దేశమంతయు వినును. తొమ్మండుగురు న్యాయమూర్తులు జీవితాంతము పదవియందుండవచ్చును. బహిరంగముగ జరుగుట దీనిలోని మేలు. పక్షముల పోరాటముగ మాఱుట దీనిలోని కీడు. 1987వ సంవత్సరమున రాబర్ట్ బోర్కుగారిని సెనేటు 42కు 58 వోట్లతో త్రోసివేసెను. 2016వ సంవత్సరమున మెరిక్ గార్లండుగారి పేరు వచ్చినపుడు సెనేటులోని అధికసంఖ్యాకులు విచారణయే జరుపలేదు. 1937వ సంవత్సరమున అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుగారు తమ చట్టములను కొట్టివేయుచున్న న్యాయస్థానమునకు క్రొత్త న్యాయమూర్తులను చేర్చదలపగా, వారి సొంతపక్షమువారే పెక్కండ్రు అడ్డుపడిరి.

మనదేశమున రాష్ట్రపతి న్యాయమూర్తులను సంప్రదించి నియమింపవలెనని రాజ్యాంగము చెప్పినది. సంప్రదించుట యన నేమి? ఈ యొక్కమాటయే ముప్పది సంవత్సరముల వివాదమైనది. కేశవానంద తీర్పు వెలువడిన మరునాడే, ముగ్గురు పెద్ద న్యాయమూర్తులను దాటించి ఏ. ఎన్. రేగారిని ప్రధాన న్యాయమూర్తిగ ప్రభుత్వము ప్రకటించెను. ప్రభుత్వమునకు వ్యతిరేకముగ తీర్పు చెప్పిన షెలత్, హెగ్డే, గ్రోవర్ గారలు రాజీనామా లిచ్చిరి. తీర్పునకు శిక్ష పదవి పోవుటయైనచో రేపు రైతు తరపున నెవడు తీర్పు చెప్పగలడను భయము దేశమున పుట్టినది. 1981వ సంవత్సరమున సంప్రదింపు అంగీకారము కాదని సుప్రీముకోర్టు చెప్పెను; 1993వ సంవత్సరమున ఆ మాటను మార్చి, పెద్ద న్యాయమూర్తుల యభిప్రాయమే ముఖ్యమనెను. 1998వ సంవత్సరమున ప్రధాన న్యాయమూర్తియు మఱి నలుగురు పెద్దలును కూడిన మండలి, అనగా కొలీజియము, స్థిరపడెను.

కొలీజియము మూసిన తలుపులవెనుక పనిచేయుచున్నదను విమర్శ వచ్చినది. 2014వ సంవత్సరమున పార్లమెంటు తొంబదితొమ్మిదవ సవరణచే నొక నియామక సంఘము నేర్పఱచెను. అందు ప్రధాన న్యాయమూర్తి, మఱి యిద్దఱు న్యాయమూర్తులు, కేంద్ర న్యాయమంత్రి, ఇద్దఱు ప్రముఖులు, వెరసి ఆఱుగురు సభ్యులు. 2015వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీని సుప్రీముకోర్టు, న్యాయస్థానముల స్వాతంత్ర్యమునకు భంగమని, నలుగురకు ఒకరుగ ఆ సవరణను కొట్టివేసెను. ఆ యొక్కరు మన కృష్ణామండలపు మొవ్వ ప్రాంతమున పెదముత్తేవిలో జన్మించిన జాస్తి చలమేశ్వర్ గారు. ప్రజల ప్రతినిధులకు నియామకములలో చోటు లేకుండుట సరికాదనియు, కొలీజియపు వ్యవహారములు తెరచాటున నుండుట న్యాయస్థాన గౌరవమునకే హానియనియు వారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఓడిన యభిప్రాయమైనను వృథా కాలేదు. 2017వ సంవత్సరము అక్టోబరు మొదలు కొలీజియము తన తీర్మానములను ప్రకటించుట కారంభించెను. అయితే నేటికిని నియామకములు కొలీజియముద్వారానే జరుగుచున్నవి, వివాదమును ముగియలేదు.

న్యాయమూర్తికిని రాజకీయమునకును ఎంత దూర ముండవలెనను ప్రశ్నకు సుబ్బారావుగారి చరిత్రయే యొక యుదాహరణము. 1954వ సంవత్సరమున గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టునకు వారు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1966వ సంవత్సరమున భారత ప్రధాన న్యాయమూర్తియైరి. 1967వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీని పదవి విడిచి, ప్రతిపక్షముల యభ్యర్థిగ రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేనుగారి చేతిలో నోడిపోయిరి. న్యాయపీఠమునుండి నేరుగ ఎన్నికలకు దిగుట తగునా యని నాడు పలువు రడిగిరి. వారి తీర్పులలోని ధైర్యమును మెచ్చువారును ఈ ప్రశ్నను తప్పించుకొనలేరు.

వాదించు విధము

పాఠశాలల వాదసభలలో నిట్టి విషయములు వచ్చినపుడు, ఒక పక్షమువారు “ధనికులు ఎక్కువ ఇయ్యవలె” ననియు, రెండవ పక్షమువారు “అందఱును సమానముగ నియ్యవలె” ననియు కేకలు వేసి కూర్చుందురు. పైన చెప్పిన కథనుబట్టి చూచినచో, వాదమున కసలైన చోటు వేఱే కలదు. ఏ పన్నునుగూర్చియైనను మూడు ప్రశ్నలు వేయవలెను. దీనికి ఆధారమేమి? ఆ యాధారమునకును చెల్లించువాని శక్తికిని సంబంధ మేమి? తప్పు జరిగినచో వాని మాట వినువా రెవ్వరు?

ఈ ప్రశ్నలను నేటి విషయములకు ప్రయోగించి చూడుడు. వ్యవసాయపు టాదాయముపై పన్ను విధించు నధికారము రాజ్యాంగము ప్రకారము పార్లమెంటునకు లేదు, రాష్ట్రములకే కలదు. వానను నమ్మి బ్రతుకు రైతునకు ఈ రక్షణ యవసరమని యొకరు చెప్పుదురు. నూఱెకరముల తోట గలవాడును, నెలజీతముపై పన్ను కట్టు గుమాస్తాయు ఒక్క గ్రామముననే యుండగా నిది న్యాయమా యని మఱియొకరు అడుగుదురు. అట్లే 2017వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి దేశమంతట నమలులోనున్న వస్తుసేవల పన్నునుగూర్చి: సబ్బుబిళ్ల కొన్న కూలివాడును కోటీశ్వరుడును ఒక్కటే పన్ను చెల్లింతురు. దేశమంతట నొక్క పద్ధతి యుండుట వర్తకమునకు మేలని యొకరు, మిగులుదలలో నెన్నవవంతు పోయెనో చూడుడని మఱియొకరు. రెండు పక్షములను రెండు మాఱులు వాదించి చూచినవానికే విషయము తెలియును.

ఈ మూడు ప్రశ్నలే న్యాయమూర్తుల నియామకమునకును చెల్లును. ఈయననే యేల ఎన్నుకొంటిరి? ఆ కారణమునకును న్యాయము చెప్పు శక్తికిని సంబంధ మేమి? ఆక్షేపించువాని మాట వినువా రెవ్వరు? అమెరికాలో ప్రశ్నించుటకు తావు కలదు. వినుటకు మనసు కొఱవడుచున్నది. మనదేశమున నియమించువారికి పక్షభేదము లేదందుము. కారణములు పూర్తిగ బయటికి వచ్చుట లేదు. ఒకరినుండి యొకరు నేర్చుకొనవలసినది కలదు.

తీర్పులు వ్రాయువారు తమ నిర్ణయమును మాత్రమే చెప్పి యూరకుండరు, కారణమును వ్రాయుదురు. ఓడినవారును తమ కారణమును అదే పుస్తకమున వ్రాయుదురు. సర్కారుగారి మాటయు, చలమేశ్వర్ గారి మాటయు నేడు మనకు లభించుట అందువలననే. పన్ను వేయువారును, న్యాయమూర్తుల నియమించువారును ఇట్లే తమ కారణములను వ్రాసి చూపవలసినవారు. చూపుడని యడుగుటకు రాతిమెట్ట యెకరము గలవానికిని, వేయి యెకరములు గలవానికిని హక్కు సమానమే. ఆ హక్కును వాడుకొనుటకు చట్టమును చదువగల కన్నును, లెక్క వేయగల చేయియు, ఎదుటివాని మాట వినగల చెవియు కావలయును. ఈ మూటిని మన పిల్లలు బడిలోనే యలవఱచుకొందురుగాక యని కోరుచున్నాము.